మధ్యయుగ ఇస్లామిక్ పండితుల గురుశిష్య సంబంధాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గజాలీ, ఇబ్న్ సీనా, అల్ బిరూనీ లాంటి పేర్లు మనలో చాలామంది స్కూల్లో విన్నవే. వాళ్లకు చదువు ఎవరు చెప్పారు, వాళ్లు మళ్లీ ఎవరికి చెప్పారు అన్నది మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. 8వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా బాగ్దాద్, డమాస్కస్, కైరో, నిషాపూర్, బుఖారా లాంటి ఊళ్లలో చదువు ఎలా సాగిందని తెలిసినవాళ్లు అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కొన్నింటికి కథ చెప్పక తప్పదు.

గురువును ఏమనేవారు? శిష్యుణ్ని ఏమనేవారు?

గురువు షేక్. ఆ మాటకు అరబ్బీలో అసలు అర్థం పెద్దాయన, ముసలాయన. ఉస్తాద్ అన్న మాట పారశీకం నుంచి వచ్చింది. విద్యార్థి తాలిబ్, అంటే కోరి వచ్చినవాడు. (వార్తల్లో వినే తాలిబాన్ పేరు ఈ మాట నుంచే పుట్టింది. పేరు వరకే పోలిక, మనం మాట్లాడుకునే కాలానికీ దానికీ సంబంధం లేదు.) ఏళ్ల తరబడి గురువు దగ్గరే ఉండిపోయి, ఆయన ఆలోచనా పద్ధతి ఒంటబట్టించుకున్న శిష్యుణ్ని సాహిబ్ అనేవారు. సాహిబ్ అంటే వెంట ఉండేవాడు, సహచరుడు. మనం సాహెబుగారు అనే పిలుపుకు మూలం అదే. ముదిరిన శిష్యుణ్ని 'సహచరుడు' అనడంలో ఎంత గౌరవం ఉందో చూడండి.

పుస్తకాలు ఉన్నాయి కదా, గురువు తప్పనిసరి అని ఎందుకు పట్టుబట్టారు?

మొదటి కారణం లిపి. అరబ్బీలో ఒకే గీతకు కింద చుక్క పెడితే బ, పైన రెండు చుక్కలు పెడితే త, మూడు పెడితే థ. హ్రస్వాచ్చులు మామూలుగా రాయరు. చేత్తో ఎత్తిరాసేవాళ్లు చుక్కలు కూడా వదిలేస్తే చదివేవాడికి చుక్కలు కనిపిస్తాయి, కళ్ల ముందు. మనిషి పేరు మారిపోతుంది, ఒక్కోసారి ధర్మసూత్రమే మారిపోతుంది. ఆ పదాన్ని ఎలా పలకాలో విన్నవాడి నోట వినడమే గతి. గురువు లేకుండా కాగితాలు చూసి నేర్చుకున్నవాణ్ని కాస్త ఎగతాళిగా 'సహఫీ' అనేవారు, కాగితాల మనిషి అన్నట్టు. నేటి అరబ్బీలో ఆ మాటకు విలేకరి అని అర్థం. ఇది చెప్పినప్పుడల్లా నా పత్రికా మిత్రులు మొహం ముడుచుకుంటారు.

రెండో కారణం గజాలీ కథలో ఉంది. ఆయన (1058–1111) కుర్రాడిగా జుర్జాన్‌లో చదువుకుని, గురువు చెప్పిన పాఠాలన్నీ రాసుకుని, సొంతూరు తూస్‌కు తిరిగొస్తున్నారు. దారిలో దొంగలు పడి అందరి దగ్గరా ఉన్నదంతా దోచుకున్నారు. గజాలీ దొంగల నాయకుడి వెంటపడి, ఆ రాతకట్ట మీకెందుకూ పనికిరాదు, అదొక్కటి ఇచ్చేయండి, అందులో ఉన్న విద్య కోసం ఊళ్లు తిరిగాను అని బతిమాలారు. నాయకుడు నవ్వి, మేం ఇది తీసుకోగానే నీ విద్య పోయిందంటే నీకు వచ్చిందేమిటని అడిగి, కట్ట తిరిగి ఇచ్చేశాడు. గజాలీ ఊరు చేరి మూడేళ్లు కూర్చుని ఆ నోట్సంతా కంఠస్థం చేశారట. పుస్తకంలో ఉన్న విద్య, పరుల చేతిలో ఉన్న ధనం ఒకటేనని మన సంస్కృత శ్లోకంలోనూ ఉంది. కాకపోతే గజాలీకి ఆ పాఠం దొంగ చెప్పాడు.

ఇజాజత్ అంటే ఇప్పటి డిగ్రీ లాంటిదా?

కాదు, అసలు తేడా ఇక్కడే ఉంది. డిగ్రీ సంస్థ ఇస్తుంది, ఇజాజత్ మనిషి ఇస్తాడు. ఇజాజత్ అంటే అనుమతి. హైదరాబాద్‌లో ఎవరైనా లేచి వెళ్లబోతూ 'ఇజాజత్ దీజియే' అంటారే, అదే మాట. మామూలుగా ఇది ఒక పుస్తకానికి సంబంధించింది. ఫలానావాడు ఈ పుస్తకం నా దగ్గర మొదటి నుంచి చివరిదాకా చదివాడు, నేను ఫలానా ఆయన దగ్గర చదివాను, ఆయన ఫలానా ఆయన దగ్గర చదివారు అంటూ గొలుసు గ్రంథకర్త దాకా వెళుతుంది. ఇక నుంచి దీన్ని నా పేరు మీద ఇతనూ చెప్పవచ్చు అని గురువు రాసి ఇస్తారు. ఈ గొలుసును ఇస్నాద్ అంటారు, సనద్ అని కూడా. మన పాత దస్తావేజుల్లో కనిపించే సనదు ఆ మాటే.

అందుకే ఆ కాలపు జీవిత చరిత్ర కోశాల్లో ఒక పండితుడి గురించి రాస్తే ఏ మదరసాలో చదివాడన్నది ఒక్కోసారి ఉండదు, ఎవరి దగ్గర చదివాడన్నది మాత్రం తప్పక ఉంటుంది. ధర్మశాస్త్రం బోధించడానికి, ఫత్వాలు ఇవ్వడానికి ఇచ్చే ఇజాజత్ వేరు. దాని బరువు ఎక్కువ, దాన్ని సంపాదించడానికి ఏళ్లు పట్టేది.

దుర్వినియోగం లేదా అంటే ఉంది. ఎదురుగా కూర్చుని చదవకుండా ఉత్తరం మీద ఇజాజత్ తెప్పించుకున్నవాళ్లు ఉన్నారు. పుట్టిన బిడ్డల పేరు మీద తీసుకున్నవాళ్లు ఉన్నారు. 'నా కాలంలో బతికి ఉన్న అందరికీ' అంటూ టోకున ఇచ్చేసిన గురువులూ ఉన్నారు! డమాస్కస్ పండితుడు ఇబ్న్ సలాహ్ (1181–1245) హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించి తరతరాలుగా చెప్పుకొచ్చిన కథనం) చేతులు మారే పద్ధతులను ఎనిమిదిగా వర్గీకరించి, గురువు నోట వినడాన్ని మొదటి మెట్టు మీద, ఎక్కడో దొరికిన ప్రతిని చూసి చెప్పడాన్ని అట్టడుగున పెట్టారు. టోకు ఇజాజత్ ఆయనకు నచ్చలేదు.

ఒక క్లాసు ఎలా ఉండేదో కళ్లకు కట్టినట్టు చెప్పగలరా?

మసీదులో ఒక స్తంభానికి ఆనుకుని గురువు కూర్చుంటారు. ఎదురుగా అర్ధచంద్రాకారంలో శిష్యులు. దీన్ని హల్కా, అంటే వలయం అంటారు. బాగా చదివినవాళ్లు ముందు, కొత్తవాళ్లు వెనక. హదీసు పఠనమైతే ఒక శిష్యుడు గట్టిగా చదువుతాడు, గురువు తన దగ్గరున్న ప్రతితో సరిచూసుకుంటూ వింటారు. తప్పు పలికితే ఆపి సరిచేస్తారు. మిగిలినవాళ్లు తమ ప్రతుల్లో దిద్దుకుంటారు. జనం మరీ ఎక్కువైతే ముస్తమ్లీ అనే సహాయకుడు గురువు మాటను అందుకుని వెనకవాళ్లకు వినపడేలా అరిచి చెబుతాడు. మైకులు లేని కాలం కదా.

వీటన్నిటికన్నా నాకు ముచ్చటగా అనిపించేది హాజరు పట్టీ. పఠనం అయ్యాక పుస్తకం చివరి పేజీల్లో ఒకరు కూర్చుని, గురువు ఎవరు, చదివింది ఎవరు, ఏ ఊళ్లో, ఏ చోట, ఏ తేదీన జరిగింది, వినడానికి ఎవరెవరు వచ్చారు అని పేరు పేరునా రాసేవారు. ఈ పట్టీలను సమాఅ అంటారు. డమాస్కస్ చేతిరాత ప్రతుల్లో ఇలాంటివి వేలల్లో మిగిలాయి. తండ్రి పేరు పక్కనే కొడుకు పేరు, వాడి వయసు కనిపిస్తాయి. ఆలస్యంగా వచ్చి మొదటి భాగం పోగొట్టుకున్నవాడి పేరు పక్కన ఆ సంగతి రాసి ఉంటుంది. మధ్యలో కునుకు తీసినవాడికీ, పక్కవాడితో కబుర్లు చెప్పినవాడికీ అదే గతి. ఏడెనిమిది వందల ఏళ్ల కింద క్లాసులో తూగినవాడి పేరు ఈ రోజుకీ చదువుకోవచ్చు.

నాలుగేళ్ల పిల్లలను పండితుల సభకు ఎందుకు తీసుకెళ్లేవారు? వాళ్లకేం అర్థమవుతుంది?

అర్థం కావాలని కాదు, గొలుసు పొట్టిది కావాలని. మీకూ గ్రంథకర్తకూ మధ్య ఎంత తక్కువమంది ఉంటే మీ ఇస్నాద్ అంత 'ఎత్తయినది'. కాబట్టి ఎనభై ఏళ్ల గురువు దగ్గర ఐదేళ్ల పిల్లవాణ్ని కూర్చోబెడితే, ఆ పిల్లవాడు ఎనభై ఏళ్లు బతికితే, మధ్యలో ఒకటి రెండు తరాలు ఆదా అవుతాయి. పిల్లవాడు పెద్దయ్యాక ఆ పుస్తకం చదువుకుని అర్థం చేసుకుంటాడు, విన్న హక్కు మాత్రం అప్పటికే చేతిలో ఉంటుంది.

దీనికి బుఖారీ హదీసు సంకలనం కన్నా మంచి ఉదాహరణ లేదు. బుఖారీ 870లో చనిపోయారు. ఆయన దగ్గర ఫిరబ్రీ విన్నారు. ఫిరబ్రీ దగ్గర సరఖ్సీ, ఆయన దగ్గర దావూదీ, ఆయన దగ్గర అబుల్ వఖ్త్ విన్నారు. ఈ అబుల్ వఖ్త్‌ది హెరాత్. దావూదీ ఉండేది బూషంజ్‌లో. పదేళ్లు కూడా నిండని కొడుకును తండ్రి అక్కడికి నడిపించుకుని తీసుకెళ్లారు. నడకతోపాటు చేతుల్లో రెండు రాళ్లు కూడా పెట్టి మోయమన్నారు. పిల్లవాడు అలిసిపోయాక ఒక రాయి పారేయమన్నారు. ఇంకా అలిసిపోతే రెండోదీ పారేయమన్నారు. అడుగు పడని స్థితికి వచ్చాక భుజం మీదికి ఎత్తుకున్నారు. దారిలో రైతులు చూసి, పిల్లవాణ్ని మా బండెక్కించండి అంటే, హదీసు కోసం వెళుతూ వాహనం ఎక్కడమా, వీడు నడుస్తాడు, నడవలేకపోతే నేను మోస్తాను అన్నారట. ఆ తండ్రి మొండితనం ఎంతవరకు సబబో మీరే తేల్చుకోండి. ఆ పిల్లవాడు తొంభై దాటి బతికి, 1158లో బాగ్దాద్‌లో చనిపోయేసరికి ఆయన దగ్గర వినడానికి జనం విరగబడేవారు.

అబుల్ వఖ్త్ దగ్గర జబీదీ విన్నారు. జబీదీ దగ్గర హజ్జార్ డమాస్కస్‌లో చిన్నతనంలో విని, దాదాపు వందేళ్ల తర్వాత దాకా బతికి చెప్పారు. ఆ ముసలాయన సభలో కూర్చున్న నాలుగేళ్ల పాప ఆయిషా బింత్ అబ్దుల్ హాదీ. ఆమె 1413లో చనిపోయారు. లెక్క వేస్తే 543 ఏళ్లకు ఏడుగురే మనుషులు.

అంటే ఆడవాళ్లు కూడా గురువులేనా?

హదీసు చెప్పడంలో అవును, పేరుకు ఒకరిద్దరు కాదు. పైన చెప్పిన ఆయిషా దగ్గర ఆ కాలపు మహాపండితుడు ఇబ్న్ హజర్ (1372–1449) ఎన్నో పుస్తకాలు విన్నారు. మక్కాలో ఉన్న కరీమా మర్వజియా దగ్గర బాగ్దాద్ చరిత్రకారుడు ఖతీబ్ హజ్‌కు వెళ్లినప్పుడు బుఖారీ సంకలనం అంతా ఐదు రోజుల్లో చదివి వినిపించారు. బాగ్దాద్‌లో షుహ్దా అనే ఆమె (మరణం 1178) చక్కని దస్తూరీకి పేరు పడి 'రాయసగత్తె' అన్న బిరుదు సంపాదించారు. ఆమె దగ్గరా మగవాళ్లు వచ్చి చదివేవారు. డమాస్కస్ చరిత్ర రాసిన ఇబ్న్ అసాకిర్ (1105–1176) గురువుల్లో 1300 మంది మగవాళ్లు, 80 మంది పైచిలుకు ఆడవాళ్లు ఉన్నారని లెక్క చెబుతారు.

అయితే ఇక్కడితో సంబరపడిపోవద్దు. మదరసాల్లో జీతం వచ్చే ఆచార్య పదవులు మగవాళ్లకే దక్కాయి. హదీసులో పేరున్న స్త్రీలు కనిపించినంతగా తర్కంలోనో, న్యాయమూర్తుల్లోనో కనిపించరు.

ఫీజు ఉండేదా?

మొదట్లో హదీసుకు డబ్బు తీసుకోవడాన్ని తప్పుగా చూసేవారు. చాలామంది పండితులు వ్యాపారం చేసుకుంటూ చదువు చెప్పారు. అబూ హనీఫా (699–767) కూఫాలో పట్టుబట్టల వ్యాపారి. ఆయన శిష్యుడు అబూ యూసుఫ్‌ది బీద ఇల్లు. కొడుకు పనిలోకి పోకుండా పాఠాల దగ్గర కూర్చుంటున్నాడని తల్లి వచ్చి గొడవ పెట్టుకుంది. అబూ హనీఫా ఆమెతో, నీ కొడుకు ఇక్కడ పిస్తా నూనెతో ఫాలూదజ్ తినడం నేర్చుకుంటున్నాడమ్మా అన్నారట. ఆమె, నీకు చాదస్తం పట్టిందని తిట్టి వెళ్లిపోయింది. గురువు సొంత డబ్బుతో శిష్యుణ్ని పోషించారు. ఏళ్లు గడిచి అబూ యూసుఫ్ ఖలీఫా హారూన్ అల్ రషీద్ దగ్గర ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఒకరోజు ఖలీఫా సరసన భోజనానికి కూర్చుంటే ఫాలూదజ్ వచ్చింది. అబూ యూసుఫ్ నవ్వు ఆపుకోలేక కథంతా చెప్పారు. ఆ ఫాలూదజ్ బాదం, తేనెల మిఠాయి. మన ఇరానీ హోటల్ ఫాలూదాకు పేరు అదే అయినా వంటకం వేరు.

తర్వాత మదరసాలు వచ్చాక వక్ఫ్ ఆస్తుల ఆదాయంతో గురువుకు జీతం, శిష్యులకు భృతి, రొట్టె, ఉండడానికి గది ఏర్పాటయ్యాయి.

మరి మదరసాలు వచ్చాక పద్ధతి మారలేదా?

మారింది, అనుకున్నంత కాదు. సెల్జుక్ వజీరు నిజాముల్ ముల్క్ బాగ్దాద్‌లో నిజామియా మదరసాను 1067లో ప్రారంభించారు. గజాలీ 1091లో అక్కడ ఆచార్యుడయ్యారు, మూడువందల మంది విద్యార్థులు ఉండేవారని ఆయనే రాసుకున్నారు. 1095లో అన్నీ వదిలేసి వెళ్లిపోయారు. 1234లో అదే ఊళ్లో ముస్తన్సిరియా తెరుచుకుంది, నాలుగు ధర్మశాఖలకూ ఒకే కప్పు కింద చోటిచ్చారు. గురువు చెప్పిన పాఠాన్ని మళ్లీ చెప్పించే ముయీద్ అనే ఉద్యోగం కూడా వచ్చింది. ఇంతా చేసి ఇజాజత్ రాసిచ్చేది మాత్రం మదరసా కాదు, గురువే.

శిష్యుడు గురువుతో విభేదించవచ్చా?

విభేదించారు, పుస్తకాలే రాశారు. షాఫియీ (767–820) మదీనాలో ధర్మశాస్త్ర పండితుడు మాలిక్ దగ్గర చదివి, తర్వాత మాలిక్ వాదాలను ఖండిస్తూ రాశారు. అబూ హనీఫా పేరు మీద నడిచే హనఫీ ధర్మశాఖ గ్రంథాల్లో ఆయన ఒక మాట చెబితే, ఆయన ఇద్దరు సాహిబ్‌లు అబూ యూసుఫ్, షైబానీ వేరే మాట చెప్పడం తరచూ కనిపిస్తుంది. మూడూ పక్కపక్కనే ఉంటాయి, ఎవరినీ కొట్టేయరు.

ప్రశ్నలు ఎక్కువైతే సహించని గురువులూ ఉన్నారు. బాగ్దాద్ వైద్యుడు ఇబ్న్ మాసవైహ్ దగ్గర హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ (808–873) అనే కుర్రాడు అడ్డూ ఆపూ లేకుండా ప్రశ్నలడిగేవాడు. విసిగిపోయిన గురువు, హీరా ఊరివాళ్లకు వైద్యమెందుకు, పోయి వీధిలో చిల్లర మార్చుకో అని గెంటేశారు. హునైన్ ఏడుస్తూ వెళ్లి, కొన్నేళ్ల తర్వాత గ్రీకు భాషలో హోమర్ కావ్యాలను అప్పజెప్పేంతవాడై తిరిగొచ్చారు. గెంటేసిన గురువే మధ్యవర్తిని పెట్టి రాజీ చేసుకున్నారు. గ్రీకు వైద్యుడు గేలన్ గ్రంథాలను అరబ్బీకి, సిరియాక్‌కు తెచ్చింది ఈ హునైనే.

ఇదంతా ముస్లింల మధ్యే జరిగిందా?

పైన చెప్పిన గురువు ఇబ్న్ మాసవైహ్, శిష్యుడు హునైన్ ఇద్దరూ క్రైస్తవులు. వైద్యం, తర్కం, గణితాల్లో మతం అడ్డు తక్కువ. మన దేశానికి సంబంధించిన ఉదాహరణ అల్ బిరూనీ. గజనీ మహమూద్ కాలంలో ఇక్కడికి వచ్చి సంస్కృతం నేర్చుకుని, 1030 ప్రాంతంలో భారతదేశం మీద గ్రంథం రాశారు. అందులో ఆయన, మొదట ఇక్కడి జ్యోతిష్కుల ముందు శిష్యుడిలా నిలబడ్డానని, కొంత పట్టు దొరికాక తనే వాళ్లకు కారణాలు వివరించడం మొదలుపెట్టానని, వాళ్లు ఆశ్చర్యపోయి నువ్వు ఏ హిందూ గురువు దగ్గర నేర్చుకున్నావని అడిగారని రాసుకున్నారు. గమనించండి, పండితులు అడిగిన మొదటి ప్రశ్న కూడా 'ఎవరి దగ్గర?' అనే.

మన గురుకులంతో పోల్చవచ్చా?

కొంతవరకే. కంఠస్థం, గురుసేవ, ముఖతః నేర్చుకోవడం రెండింటిలోనూ ఉన్నాయి. కానీ వేదాధ్యయనంలో పుస్తకానికి చోటు లేదు. ఇక్కడ పుస్తకం, చెవి రెండూ ఒకదాన్నొకటి సరిచూసుకోవాలి. ఇంకో తేడా, ఒక్క గురువును పట్టుకుని ఉండిపోవడం గొప్ప కాదు. వీలైనంతమంది దగ్గరికి తిరగాలి, ఊళ్లు దాటాలి. ఆ ప్రయాణాన్ని రిహ్లా అంటారు.

పిల్లలను కొట్టేవారా?

కొట్టేవారు. చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ (1332–1406) దాన్ని గట్టిగా తప్పుపట్టారు. కఠినంగా పెంచిన పిల్లవాడు దెబ్బలకు భయపడి అబద్ధం, నటన అలవాటు చేసుకుంటాడని తన చరిత్ర గ్రంథానికి పీఠికైన ముకద్దిమాలో రాశారు.

గురువు 'నాకు తెలియదు' అంటే పరువు పోయేదా?

మాలిక్‌ను నలభై ఎనిమిది ప్రశ్నలు అడిగితే ముప్పై రెండింటికి తెలియదన్నారని చెబుతారు. ఆయన పరువుకేమీ కాలేదు. ఇప్పటి టీవీ చర్చల్లో కూర్చోబెట్టాల్సింది అలాంటివాళ్లను.

గురువు లేకుండా పైకొచ్చినవాళ్లు లేరా?

ఇబ్న్ సీనా (980–1037) పేరే అందరూ చెబుతారు, గురువును మించిన శిష్యుడికి ఆయన్ను మించిన ఉదాహరణ లేదు. నాతిలీ అనే గురువు దగ్గర తర్కం మొదలుపెట్టి త్వరలోనే గురువుకే సందేహాలు తీర్చానని రాసుకున్నారు, కాస్త గొప్పలు ఉన్నాయనుకోండి. కానీ ఆయన భారతీయ అంకగణితం నేర్చుకున్నది బుఖారాలో ఒక కూరగాయల వ్యాపారి దగ్గర. అరిస్టాటిల్ తత్వగ్రంథం నలభైసార్లు చదివినా బుర్రకెక్కక, పుస్తకాల బజారులో మూడు దిర్హాములకు కొన్న తత్వవేత్త ఫారాబీ వ్యాఖ్య చదివాకే తలుపు తెరుచుకుంది. అంటే గురువు అక్కడా ఉన్నారు, ప్రాణాలతో లేరంతే. తర్వాత హమదాన్‌లో ఆయన పగలంతా అమీరు కొలువులో ఉండి, రాత్రి ఇంట్లో పాఠం చెప్పేవారు. శిష్యుడు జుజ్‌జానీ ఒక గ్రంథం, ఇంకొకరు వైద్యగ్రంథం వంతులవారీగా చదివేవారు. పాఠం ముగిశాక గాయకులు వచ్చేవారు, పానగోష్ఠి మొదలయ్యేది. ఈ సంగతి రాసింది జుజ్‌జానీయే.

గురువు చనిపోతే?

నిషాపూర్‌లో గజాలీ గురువు జువైనీ 1085లో చనిపోయినప్పుడు సుమారు నాలుగువందల మంది శిష్యులు కలాలు, సిరాబుడ్లు పగలగొట్టి ఏడాదిపాటు అలాగే ఉండిపోయారని రాశారు.

ఈ చరిత్రకూ హైదరాబాద్‌కూ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, చాలామందికి తెలియదు. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. ఇబ్న్ హజర్ రాసిన 8వ హిజ్రీ శతాబ్దపు (మన లెక్కలో దాదాపు 14వ శతాబ్దం) జీవిత చరిత్ర కోశాన్ని, అల్ బిరూనీ భారతదేశ గ్రంథాన్ని అరబ్బీలో వీళ్లు అచ్చువేశారు. ఎవరు ఎవరి దగ్గర చదివారో వెతికే పరిశోధకులు ప్రపంచంలో ఎక్కడున్నా, వాళ్ల అరల్లో 'హైదరాబాద్ దక్కన్' అని ముద్ర ఉన్న పుస్తకం ఒకటైనా ఉంటుంది.

జ్ఞాపకశక్తికి ఏమైనా చిట్కాలు చెప్పారా?

ఇది పిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న. 1200 ప్రాంతంలో జర్నూజీ విద్యార్థుల కోసం రాసిన చిన్న పుస్తకంలో ఉన్నాయి. పరగడుపున రోజుకు 21 ఎర్రని ఎండుద్రాక్షలు తినాలి, తేనె తీసుకోవాలి, పళ్లపుల్ల వాడాలి, పాఠం బుధవారం మొదలుపెట్టాలి. మతిమరుపు తెచ్చేవాటిలో పుల్లని ఆపిల్, సమాధుల మీది రాతలు చదవడం, ఒంటెల వరుస మధ్య నుంచి దూరి వెళ్లడం ఉన్నాయి. ఇంకా పచ్చి కొత్తిమీర. ఒంటెల సంగతి సరే, కొత్తిమీర మానేయమంటే మన వంటిళ్లలో కుదిరే పని కాదు.